ఏడెనిమిదులు ఎంత?



గ్రహణం ఎలా పడుతుందో ఒక చేతిలో నారింజపండు, ఇంకో చేతిలో నిమ్మకాయ పట్టుకుని చక్కగా చెప్పే పిల్ల. కూరగాయల బండి దగ్గర అరకిలో బెండకాయల లెక్క నోటితోనే తేల్చేసే పిల్ల. ఆ పిల్లనే కూర్చోబెట్టి “ఏడెనిమిదులెంత?” అని అడగండి. యాభై నాలుగా అంటుంది. కాదంటే నలభై ఎనిమిదా అంటుంది. నిన్న రాత్రి తడుముకోకుండా అప్పజెప్పిన ఎక్కమే అది. ఇంగ్లీషులో ‘సెడ్’ రాయమంటే ఎస్-ఇ-డి అని రాస్తుంది. కాసేపాగి మళ్ళీ రాయమంటే ఎస్-ఐ-డి అవుతుంది.

ఇలాంటి పిల్లలకి బడిలో పడే పేరు ఒకటే, బద్ధకం. ఆ పేరు మోయలేక, రోజూ పొద్దున్నే కడుపునొప్పని ఏడ్చే పిల్లని చూడలేక, బడి మానిపించి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తల్లిదండ్రులు కొందరున్నారు. మన ఊళ్ళల్లోనూ ఉన్నారు, అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళలోనూ ఉన్నారు. ఇవాళ్టి ప్రసంగం వాళ్ళ కోసం. తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. అది ఉన్న పిల్లలకి ఇంట్లో ఎక్కాలు, స్పెల్లింగులు ఎలా చెప్పుకోవాలన్నదే విషయం. మిగతా చదువు జోలికి ఇవాళ వెళ్ళను.

ముందుగా ఒక పాత సంగతి. 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు, ఇవాళ మనం డిస్లెక్సియా అంటున్న ఇబ్బంది ఉన్న ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి రాశాడు. ఇంగ్లండులో సముద్రం ఒడ్డున సీఫర్డ్ అనే ఊరు ఆ డాక్టరుది. కుర్రాడి పేరు పెర్సీ. తెలివైనవాడు, ఆటల్లో తోటివాళ్ళకి ఏమీ తీసిపోడు. ఏడేళ్ళ వయసు నుంచి బడిలోనో ట్యూషను మాస్టర్ల దగ్గరో చదువుతూనే ఉన్నాడు. అయినా తన పేరే తప్పు రాసేవాడు, పి-ఇ-ఆర్ అని రాయాల్సిన చోట పి-ఆర్-ఇ అని. చదువంతా నోటితోనే నడిచేదైతే బడి మొత్తానికీ వీడే మొనగాడయ్యేవాడని అతని మాస్టారు అన్నాడట. ఆ వ్యాసంలో చాలామంది దాటేసి పోయే మాట ఇంకొకటి ఉంది. ఆ కుర్రాడికి లెక్కలంటే ఇష్టం. అంకెలతో అతనికి పేచీ లేదు.

కాబట్టి డిస్లెక్సియా ఉన్నంత మాత్రాన లెక్కలు రావని కాదు. లెక్కల దగ్గరే ఇబ్బంది పడే పిల్లలు వేరే ఉంటారు, దాన్ని డిస్కాల్‌క్యులియా అంటారు. రెండూ కలిసి ఉన్నవాళ్ళూ ఉంటారు. మరి లెక్కలు అర్థమయ్యే పిల్లకి ఎక్కాలెందుకు నిలవవు?

ఎక్కం పేరుకి లెక్కే గానీ, మనం దాన్ని నేర్చుకునేది పాటలాగా. ‘రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు’ అనుకుంటూ మాటల వరసని బుర్రలో దాచుకుంటాం. డిస్లెక్సియాలో బలహీనంగా ఉండేది సరిగ్గా అదే, మాటల్లోని శబ్దాలని విడదీసి, వరస చెడకుండా దాచుకుని, అడగ్గానే బయటికి తీయడం. వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయంలో టి. ఆర్. మైల్స్ అనే ప్రొఫెసరు తయారుచేసిన డిస్లెక్సియా పరీక్ష ఒకటుంది. అందులో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తారు, నెలల పేర్లు ముందు నుంచీ వెనక నుంచీ చెప్పిస్తారు, అంకెల వరసని విని తిరిగి చెప్పమంటారు, కుడి ఎడమలు అడుగుతారు. (చైత్రం నుంచి ఫాల్గుణం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పే బామ్మగారిని ఫాల్గుణం నుంచి వెనక్కి చెప్పమనండి. ఆవిడా కాస్త తడబడుతుంది. అప్పుడు పిల్లల మీద కొంచెం జాలి కలుగుతుంది.)

ఇప్పుడు మన ఇళ్ళల్లో మామూలుగా ఏం చేస్తామో చూడండి. ఎక్కం రాకపోతే పదిసార్లు చదవమంటాం. అప్పటికీ రాకపోతే ఇరవైసార్లు రాయమంటాం. ఏ పని ఆ పిల్లకి కష్టమో ఆ పనినే ఇంకా ఎక్కువ చేయిస్తున్నామన్నమాట. నేను చెప్పేదల్లా ఒకటే. జవాబు గుర్తు లేనప్పుడు జవాబు దగ్గరికి వెళ్ళే దారి ఒకటి పిల్ల చేతిలో ఉండాలి. ఎక్కాలకీ అంతే, స్పెల్లింగుకీ అంతే. ఆ దారిన నడవగా నడవగా కొన్ని జవాబులు వాటంతటవే నోటికొస్తాయి. రానివాటికి దారి ఎటూ ఉంటుంది.

కాగితం, పెన్సిలు దగ్గరుంటే తీసుకోండి. అడ్డంగా పది, నిలువుగా పది గళ్ళు గీయండి. ఒకటి నుంచి పది దాకా ఎక్కాలంటే మొత్తం వంద గళ్ళు. చూడగానే పిల్లకి భయం వేస్తుంది, నిజమే. ఇప్పుడు కొట్టేయడం మొదలుపెడదాం. మూడు నాలుగులు ఎంతో, నాలుగు మూళ్ళూ అంతే. పళ్ళెంలో చింతపిక్కలు మూడు వరసల్లో నాలుగేసి పేర్చి, పళ్ళేన్ని పక్కకి తిప్పి చూపించండి. పిక్కలు అవే, వరసలు మాత్రం నాలుగయ్యాయి. ఈ ఒక్క సంగతితో వంద గళ్ళు యాభై అయిదుకి దిగుతాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం ఎవరికైనా వస్తాయి, కొట్టేయండి. రెండో ఎక్కమంటే అదే అంకెని రెండుసార్లు కలపడం. అయిదో ఎక్కం పదిలో సగం, గడియారంలో నిమిషాల ముల్లు చూపించినా చాలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి ఇరవై ఒకటి.

తొమ్మిదో ఎక్కానికి ఒక కిటుకుంది. తొమ్మిదేళ్ళు ఎంత అంటే, పదేళ్ళు డెబ్బై, అందులోంచి ఒక ఏడు తీసేస్తే అరవై మూడు. తొమ్మిదో ఎక్కమంతా ఇలాగే నడుస్తుంది. ఇక పదిహేనే మిగిలాయి. ఆరార్లు ముప్పై ఆరు, ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఇలా ఒక అంకెని దానితోనే గుణించేవి పిల్లలకి ఎందుకో తొందరగా పట్టుబడతాయి. అవి అయిదు పోతే పది. నాలుగో ఎక్కమంటే రెండింతలకి మళ్ళీ రెండింతలు. ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది. అవి పోతే ఆరు. మూడో ఎక్కమంటే రెండింతలకి ఇంకొకటి కలపడం. ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు. అవీ పోతే వంద గళ్ళలో ఎన్ని మిగిలాయో చూడండి. మూడంటే మూడు. ఆరేళ్ళు, ఆరెనిమిదులు, ఏడెనిమిదులు.

ఇదంతా ఒక్క మధ్యాహ్నంలో తేలే పని కాదు. నేను రెండు నిమిషాల్లో చెప్పింది ఒక్కో పిల్లకి నెలలు పడుతుంది. ఒక్కో ఎక్కం తీరిగ్గా సాగాలి, ఒక్కో గడి పిల్లే తన చేత్తో కొట్టేయాలి. మీరు కొట్టేస్తే లాభం లేదు.

ఆ మిగిలిన మూడింటిలో ఏడెనిమిదులు ఎలా చెప్పాలో చూద్దాం. నేల మీద చింతపిక్కలు ఏడు వరసలు పేర్పించండి, వరసకి ఎనిమిది. తర్వాత ఒక చీపురుపుల్ల ఇచ్చి, అయిదో వరస కింద అడ్డంగా పెట్టమనండి. పుల్లకి పైన ఉన్నవి అయిదు ఎనిమిదులు, అంటే నలభై. కింద ఉన్నవి రెండెనిమిదులు, పదహారు. నలభై, పదహారు కలిస్తే యాభై ఆరు. కొంతమంది పిల్లలు పుల్లని జరిపి చూస్తారు. జరపనివ్వండి. నాలుగో వరస కింద పెడితే ముప్పై రెండు, ఇరవై నాలుగు అవుతాయి, మళ్ళీ యాభై ఆరే వస్తుంది. అది వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టినప్పుడు మొహం చూడాలి మీరు. రెండు మూడు రోజుల తర్వాత పిక్కలు తీసేసి కాగితం మీద ఒక డబ్బా గీసి, మధ్యలో గీత గీయమనండి. ఆ తర్వాత కాగితం కూడా తీసేయండి. అప్పుడు “ఏడెనిమిదులెంత?” అంటే ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి “నలభై, పదహారు, యాభై ఆరు” అంటుంది.

ఆ ఒక్క క్షణం ఆగడాన్ని చూసి ‘ఇంకా రాలేదు’ అనే పెద్దవాళ్ళున్నారు. నా లెక్కలో ఆ పిల్లకి వచ్చేసింది. గడియారం పెట్టి నిమిషంలో ఎన్ని లెక్కలు చేస్తుందో చూసే పద్ధతి ఈ పిల్లలకి పనికిరాదు. భయంతో ఉన్న బుర్రకి ఉన్నది కూడా అందదు. బజ్జరు మోగించి పోటీ పెట్టే తరగతుల్లో చేర్పిస్తే వేగం పెరుగుతుందని కొందరు ఆశపడతారు. వేగమే లోపమైన పిల్లని వేగం పోటీకి పంపడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే తిట్టకండి. జపం చేసే తాతగారు వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుంటారు, ఆయన్ని ఎవరూ తప్పుపట్టరు కదా! కాకపోతే ఎనిమిదికి ఆరు కలపాలంటే ఒకటి నుంచి మొదలుపెట్టి పద్నాలుగు దాకా లెక్కపెట్టడం మంచిది కాదు, మధ్యలో ఎక్కడో జారిపోతుంది. ఎనిమిదికి రెండిస్తే పది, ఇంకా నాలుగుంది, పద్నాలుగు. ఇది అలవాటు కావాలంటే ముందు పదికి ఏది జతో బాగా తెలియాలి. మూడుకి ఏడు, నాలుగుకి ఆరు, ఎనిమిదికి రెండు. అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడే ఇంట్లో ఈ పని సగం ఆటలోనే అయిపోతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లలకైనా ఎక్కాలు ఇంట్లో తెలుగులో చెప్పండని నా సలహా. ‘థర్టీన్’కీ ‘థర్టీ’కీ, ‘ఫిఫ్టీన్’కీ ‘ఫిఫ్టీ’కీ చెవికి తేడా చాలా తక్కువ. ఈ పిల్లలు పొరపడేది అక్కడే. పదమూడుకీ ముప్పైకీ ఆ గొడవ లేదు. పైగా ఇరవై దాటాక మన అంకె పేర్లు రాసే వరసలోనే నడుస్తాయి, ముందు పదులు, తర్వాత ఒకట్లు. హిందీలో నూరు దాకా దాదాపు ప్రతి అంకెకీ వేరే పేరు నేర్చుకోవాలి. కాకపోతే ఒక భాషలో మొదలుపెడితే అందులోనే ఉండండి. అమ్మ తెలుగులో, నాన్న ఇంగ్లీషులో ఎక్కాలు చెబితే పిల్ల రెండింటికీ చెడుతుంది.

గళ్ళ కాగితం సంగతి ఇంకొక్కమాట. జవాబులన్నీ రాసిన గళ్ళ కాగితం ఇంకొకటి గోడకి అంటించి ఉంచండి. ఎక్కాలు వచ్చేదాకా భిన్నాలు మొదలుపెట్టం అని పట్టుబట్టకండి. ఆ కాగితం చూసుకుంటూ పిల్ల భిన్నాలు చేస్తుంది, వైశాల్యాలు చేస్తుంది, పెద్దయ్యాక బీజగణితమూ చేస్తుంది. చూసి చేయడం అలవాటైపోదా అని అడుగుతారు. బాగా వచ్చేసిన గడి మీద చిన్న కాగితం ముక్క అంటించేయమనండి. ఏ గడి ఎప్పుడు మూయాలో పిల్లకే వదిలేయండి. వాళ్ళు మనకంటే తొందరపడతారు, మనమే ఆపాల్సి వస్తుంది.

ఇక స్పెల్లింగు. ముందు మన తెలుగు సంగతి చూద్దాం. తెలుగు పలికినట్టే రాస్తాం కాబట్టి డిస్లెక్సియా ఉన్న పిల్లలకి ఇబ్బంది ఉండదని అనుకుంటారు. ఇంగ్లీషుతో పోలిస్తే తక్కువే, కానీ ఉంది. ప, వ, స ఒకదాని పోలికలో ఒకటి ఉంటాయి. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా చెవి పట్టాలి. వీటన్నిటికంటే గట్టి చిక్కు ఒత్తుల దగ్గరుంది. ‘కార్తీక్’ అన్న పేరు తీసుకోండి. చెవికి ముందు ర, తర్వాత తీ వినిపిస్తాయి. రాసేటప్పుడు మాత్రం గుడిదీర్ఘం ర నెత్తిన పెడతాం, త ఒత్తుగా మారి కిందికి పోతుంది. చెవి ‘తీ’ అంటుంది, కన్ను ‘రీ’ అంటుంది. ‘కారీత్క్’ అని రాసిన పిల్లవాడు నిర్లక్ష్యంగా రాశాడనుకోకండి, చూసింది చూసినట్టు రాయబోయాడు. వాడికి ముక్కలు విడదీసి చూపించాలి. కా అని ఒక చప్పట, ర్ అని పెదవి మీద వేలు, తీ అని ఇంకో చప్పట. తర్వాత మూడు రంగుల సుద్దముక్కలతో, ర ఒక రంగు, త ఒత్తు ఇంకో రంగు, గుడిదీర్ఘం మూడో రంగు. ఒత్తుకీ గుడికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందని అప్పుడు కంటికి ఆనుతుంది.

అమ్మ, అన్న, పువ్వు, ఇల్లు లాంటి మాటల్లో ఏ అక్షరానికి ఆ అక్షరమే ఒత్తు. అవి బాగా అయ్యాకే పుస్తకం, చక్రం లాంటివాటికి వెళ్ళండి. ర్త, ర్మ లాంటివి చివర్న.

వేలితో రాయించడం గురించి కాస్త చెప్పాలి. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దిస్తాం కదా. వెనకటి వీధి బడుల్లో రోజూ ఇసుకలోనే దిద్దేవారు. 1789లో మద్రాసు ఎగ్మోరులో అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదరీ, ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి ముచ్చటపడి తన బడిలో పెట్టాడు. 1797లో లండనులో దాని గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లండు బడుల్లో ఇసుక బల్లలు వెలిశాయి. తర్వాత అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, ఆనా గిలింగ్‌హామ్, గ్రేస్ ఫెర్నాల్డ్ లాంటివాళ్ళు చదవలేని పిల్లల కోసం కన్ను, చెవి, నోరు, చెయ్యి నాలుగూ కలిపి నేర్పే పద్ధతులు పెట్టారు. వాటిలోనూ వేలితో దిద్దడం ముఖ్యమైన పనే. ఇవాళ ఆ పద్ధతుల పేరుతో ఖరీదైన ఇసుక పళ్ళేలు అమ్ముతున్నారు. కొనక్కర్లేదు, ఒక పళ్ళెంలో బొంబాయి రవ్వ పోయండి చాలు.

ఇంగ్లీషు మాటల దగ్గర ఆ పళ్ళేన్ని ఇలా వాడండి. మాట మొత్తం పిల్ల పైకి పలకాలి. ఒక్కో అక్షరం పేరు చెబుతూ వేలితో రవ్వలో రాయాలి. రాశాక మళ్ళీ మాట మొత్తం పలకాలి. పళ్ళెం ఒకసారి కుదిపి చెరిపేసి, చూడకుండా మళ్ళీ రాయాలి. ఆ తర్వాతే కాగితం. రోజుకి రెండు మూడు కొత్త మాటలు చాలు, మిగతావి నిన్నటివీ పోయిన వారానివీ. అర్ధగంట ఒకేసారి కూర్చోబెట్టడం కంటే పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మేలు.

ఏ మాటలు కలిపి చెబుతామన్నది ముఖ్యం. రెయిన్, ట్రెయిన్, పెయింట్ ఒక రోజు, మూడింటిలోనూ మధ్యలో ఎ-ఐ. డే, ప్లే, స్టే ఇంకో వారం, వాటి చివర ఎ-వై. ఆ శబ్దం మాట మధ్యలో వస్తే ఎ-ఐ, చివర వస్తే ఎ-వై అని పిల్లే పట్టుకునేలా చేయండి. రెండూ ఒకే రోజు చెబితే రెండూ కలిసిపోతాయి.

ఇంగ్లీషు స్పెల్లింగుకి నియమమే లేదని మనం నవ్వుకుంటాం గానీ, పిల్లల ముందు ఆ మాట అనకండి. ఇందాకటి ‘సెడ్’ చూడండి. ‘పే’కి ‘పెయిడ్’, పి-ఎ-ఐ-డి. ‘లే’కి ‘లెయిడ్’, ఎల్-ఎ-ఐ-డి. ‘సే’కి ఎస్-ఎ-ఐ-డి. రాత మిగతావాటిలాగే ఉంది, పలకడంలోనే పక్కదారి పట్టింది. ‘టూ’ అంటే రెండు, టి-డబ్ల్యూ-ఓ. మధ్యలో ఆ డబ్ల్యూ ఎందుకని పిల్ల అడుగుతుంది, అడగాలి. ట్విన్, ట్వైస్, ట్వెల్వ్, ట్వంటీ అని పలకమనండి. అన్నిటిలోనూ రెండు ఉంది, అన్నిటిలోనూ డబ్ల్యూ వినిపిస్తోంది. ఒక్క ‘టూ’లోనే నోరు దాన్ని మింగేసింది. డిస్లెక్సియా ఉన్న పిల్లలు ఇలాంటి కారణాలని ఇష్టంగా గుర్తుపెట్టుకుంటారు.

తప్పు రాసినప్పుడు ఎర్ర పెన్ను పక్కన పెట్టండి. ఎస్-ఇ-డి అని రాస్తే, ‘ఎస్ ఉంది, డి ఉంది, మధ్యలో ఒక్కచోటే చూసుకో కన్నా’ అనండి. కథ రాసేటప్పుడు స్పెల్లింగు ఊసే వద్దు. కథ పిల్ల చెబుతుంటే మీరు రాయండి, లేదా ఫోనులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సదుపాయం వాడనివ్వండి. స్పెల్లింగు రాదని చిన్న చిన్న మాటలతోనే సరిపెట్టుకుంటే ఆ పిల్ల భాష చిక్కిపోతుంది.

ఇంటి చదువులో ఒక పెద్ద చిక్కుంది. పాఠం చెప్పేదీ, అన్నం పెట్టేదీ ఒక్కరే. ఎక్కాల దగ్గర అమ్మకి వచ్చిన కోపం భోజనం దాకా సాగుతుంది. అందుకే రోజూ ఎక్కాలు, స్పెల్లింగులు చెప్పే పని వీలైతే ఇంకొకరికి అప్పజెప్పండి, బాబాయికో, మేనత్తకో, పక్కింటి డిగ్రీ చదివే అమ్మాయికో. ఏడుపు వచ్చే సూచన కనిపించగానే పుస్తకం మూసేయండి. ఇంకో మాట. పెళ్ళిలోనో, పేరంటంలోనో చుట్టాలు కూర్చున్నప్పుడు “ఏదీ, ఏడో ఎక్కం చెప్పవే” అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంటికీ ఉంటారు. ముందుగానే వాళ్ళకి ఒక మాట చెప్పి ఉంచండి. మొహమాటపడకండి.

కంటి పరీక్ష, చెవి పరీక్ష తప్పకుండా చేయించండి, వేరే లోపం లేదని తెలుసుకోవడానికి. కానీ డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. రంగు కళ్ళద్దాలతో పోతుందని ఎవరైనా అంటే డబ్బులు దాచుకోండి.

చివరిగా పరీక్షల సంగతి. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే బోర్డుని బట్టి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. ఇంట్లో చదివే పిల్లలకి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ ఉంది, మూడు, అయిదు, ఎనిమిది తరగతుల స్థాయిల్లోనూ పరీక్షలు పెడుతుంది, పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. తెలంగాణకీ, ఆంధ్రప్రదేశ్‌కీ వేరువేరుగా ఓపెన్ స్కూలు సొసైటీలున్నాయి. ఎక్కడ కట్టినా వెసులుబాట్ల దరఖాస్తు చాలా ముందే పెట్టుకోవాలి. అందుకే ఈ రోజు నుంచే ఒక ఫైలు పెట్టండి. పిల్ల రాసిన కాగితాలు, తప్పులున్నవి తప్పులతోనే, పైన తారీఖు వేసి అందులో దాచండి. ఏ పద్ధతిలో ఎంతకాలం చెప్పారో రెండు మాటలు రాసిపెట్టండి. పిల్లని పరీక్షించే సైకాలజిస్టుకి మీరు నోటితో చెప్పే మాటల కంటే ఆ కాగితాలు ఎక్కువ పనికొస్తాయి.